పేరు కొని పేరు అమ్మడం: ఇంటర్నెట్ చిరునామాల వ్యాపారంలో ధర్మసమ్మతమేది, నిషిద్ధమేది?

 

సంపాదన గురించిన పాఠాలు చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా కిరాణా కొట్టు, బట్టల దుకాణం, పశువుల సంత, పొలం కౌలు వంటి ఉదాహరణలే తీసుకుంటాం. ఈనాటి యువకుల చేతుల్లో ఉన్న వ్యాపారాలు మాత్రం వేరు. వాటిలో కంటికి కనబడే సరుకుండదు, తూకముండదు, గోదాముండదు. అయినా డబ్బు చేతులు మారుతుంది. డబ్బు చేతులు మారే ప్రతిచోటా హలాల్, హరామ్‌ల ప్రశ్న ఉంటుంది. కాబట్టి ఈ నెల పాఠంలో ఇంటర్నెట్ చిరునామాల, అంటే డొమైన్ పేర్ల క్రయవిక్రయాలను గురించి తెలుసుకుందాం. ముఖ్యంగా ఎక్కువ మందికి తెలియని ఎక్స్‌టెన్షన్లతో జరిగే వ్యాపారాన్ని పరిశీలిద్దాం.

ఒక యువకుని ప్రశ్న

శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక యువకుడు జుమా నమాజు తర్వాత మా దగ్గరకు వచ్చాడు. ఇంజనీరింగ్ చదివాడు. ఉద్యోగం కోసం విశాఖపట్నంలో, హైదరాబాదులో తిరిగి ఇంటికి వచ్చేశాడు. పేర్లు కొని అమ్మితే లక్షలు వస్తాయని ఒక వీడియోలో చూసి, ఒక్కొక్కటి సగటున 120 రూపాయల చొప్పున 60 పేర్లు నమోదు చేసుకున్నాడు. అందుకైన 7,200 రూపాయలు స్నేహితుని దగ్గర అప్పు తెచ్చాడు. వాటిలో డాట్ కామ్ ఒక్కటీ లేదు. అన్నీ మొదటి ఏడాది చౌకగా దొరికే కొత్త ఎక్స్‌టెన్షన్లే.

పదకొండు నెలలు గడిచాయి. ఒక్క పేరూ అమ్ముడుపోలేదు. ఇప్పుడు రెండో ఏడాదికి రుసుము కట్టమని కబురు వచ్చింది. పేరుకు సగటున 2,400 రూపాయలు. అరవై పేర్లకు లెక్కవేస్తే 1,44,000 రూపాయలు!

అతని మేనమామ పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. ఆ మేనమామ దుకాణం పేరు కూడా ఈ అరవైలో ఉంది. "హజ్రత్! మామూకి ఆ పేరు 15 వేలకు అమ్ముదామనుకుంటున్నాను. ఆయనకు ఇవేవీ తెలియవు. నేను ముందుగా కొనుక్కున్నాను గనుక అది నా సొత్తే గదా? అందులో తప్పేముంది?" అని అడిగాడు.

ఈ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. అది సొత్తేనా? సొత్తయితే ఎలా అమ్మాలి? ముందుగా దక్కించుకున్నంత మాత్రాన ఇతరుల పేరు మనదవుతుందా? ఒక్కొక్కటే చూద్దాం.

పేరు ఎలా పనిచేస్తుంది?

ఇంటర్నెట్‌లో ప్రతి కంప్యూటరుకూ అంకెలతో కూడిన ఒక చిరునామా ఉంటుంది. అంకెలు గుర్తుపెట్టుకోవడం మనుషులకు కష్టం గనుక వాటికి బదులు పేర్లు వాడతారు. పేరు చివర చుక్క తర్వాత వచ్చే తోకనే ఎక్స్‌టెన్షన్ అంటారు. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ పాతవి, అందరికీ తెలిసినవి. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క తోక కూడా ఉంది. మన దేశానిది డాట్ ఇన్.

ఈ వ్యవస్థను 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ సమన్వయం చేస్తుంది. దాని కింద ఒక్కొక్క తోకకు ఒక్కొక్క నిర్వాహక సంస్థ ఉంటుంది. దానిని రిజిస్ట్రీ అంటారు. ప్రజలకు పేర్లు అమ్మే దుకాణదారుని వంటి వాడు రిజిస్ట్రార్. డాట్ ఇన్ తోకను 2003లో ఏర్పడిన నిక్సీ అనే భారతీయ సంస్థ చూస్తుంది. 2005 సంవత్సరంలో సామాన్య ప్రజలందరికీ డాట్ ఇన్ పేర్లు సులభంగా దొరకసాగాయి. తర్వాత 2014లో నాగరి లిపిలో డాట్ భారత్ ప్రారంభమైంది. తెలుగు లిపిలోనూ, ఉర్దూ లిపిలోనూ కూడా డాట్ భారత్ ఉంది. అంటే బొబ్బిలి అని తెలుగులో రాసి, చుక్క పెట్టి, భారత్ అని తెలుగులోనే రాస్తే అదొక చిరునామా కాగలదు.

ఇక కొత్త తోకల సంగతి. 2012లో ఐకాన్ కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు పిలిచింది. ఒక్కొక్క దరఖాస్తు రుసుము 1,85,000 డాలర్లు. అయినా 1,930 దరఖాస్తులు వచ్చాయి. 2013 అక్టోబరులో మొదటి నాలుగు తోకలు అమలులోకి వచ్చాయి. వాటిలో ఒకటి అరబీ లిపిలోని 'షబకా', అంటే వల. ఆ తర్వాత వందలాది తోకలు వచ్చిపడ్డాయి. మన యువకుడు కొన్నవి ఇటువంటివే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తించాలి. పేరు 'కొన్నాను' అని మనం అంటాం గాని, నిజానికి అది శాశ్వత కొనుగోలు కాదు. ఒక ఏడాది మొదలుకొని గరిష్ఠంగా పదేళ్ల వరకు రుసుము కట్టి వాడుకునే హక్కు మాత్రమే. గడువు తీరి, రుసుము కట్టకపోతే ఆ హక్కు పోతుంది. డాట్ కామ్ వంటి తోకలలో తొలగించిన పేరును అదనపు రుసుముతో తిరిగి పొందడానికి 30 రోజుల అవకాశముంటుంది. ఆ తర్వాత మరో 5 రోజులకు పేరు ఖాళీ అవుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు. కనుక ఇది సొంత ఇంటి వంటిది కాదు, బజారులో అద్దెకు తీసుకున్న కొట్టు వంటిది.

కంటికి కనబడనిది సొత్తవుతుందా?

పూర్వపు ధర్మవేత్తలు సొత్తు అంటే చేతితో పట్టుకోగలిగేది, దాచుకోగలిగేది అని నిర్వచించారు. అందుచేత కేవలం హక్కును అమ్మవచ్చునా అనే విషయంలో, ముఖ్యంగా హనఫీ ధర్మవేత్తల మధ్య చాలా చర్చ జరిగింది. అయితే కాలక్రమంలో ప్రజల వ్యవహారం వల్ల కొన్ని హక్కులకు నిజమైన విలువ ఏర్పడింది.

1988 ఫిబ్రవరిలో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ సమావేశం అద్దె కొట్టు పగిడీ విషయాన్ని పరిశీలించింది. అద్దె గడువు ఇంకా మిగిలి ఉన్నప్పుడు, ఒప్పంద షరతులకు లోబడి, పాత కిరాయిదారుడు తన మిగిలిన హక్కును వదులుకున్నందుకు కొత్త కిరాయిదారుని నుండి సొమ్ము తీసుకోవచ్చని తెలిపింది. గడువు తీరిపోయాక మాత్రం అతనికి హక్కే లేదు గనుక సొమ్ము తీసుకోవడం సరికాదు. అదే ఏడాది డిసెంబరులో కువైట్‌లో జరిగిన సమావేశంలో వ్యాపార నామం, వ్యాపార చిహ్నం, గ్రంథకర్త హక్కు వంటివి ఆర్థిక విలువ గల హక్కులేనని, వాటిపై దౌర్జన్యం చేయరాదని తీర్మానించింది. అనిశ్చితి, దగా, మోసం లేనంత వరకు వాటిని సొమ్ముకు ఇతరులకు ఇవ్వవచ్చని కూడా చెప్పింది.

ఈ రెండు తీర్మానాలలో డొమైన్ పేర్ల ప్రస్తావన లేదు. అవి వచ్చిన నాటికి ఈ వ్యాపారమే లేదు. అయినా మన విషయానికి దారి చూపడానికి ఇవి చాలు. గడువున్న హక్కు ఉన్నంత వరకు పేరును మరొకరికి సొమ్ముకు బదిలీ చేయడం మౌలికంగా ధర్మసమ్మతమే. కాబట్టి ఈ వ్యాపారం చేసేవాళ్లందరినీ పాపాత్ములని అనడం న్యాయం కాదు. అదే సమయంలో ఆ తీర్మానం పెట్టిన మూడు షరతులను, అంటే అనిశ్చితి, దగా, మోసం ఉండరాదన్న మాటను మరువరాదు. జనాదరణ లేని తోకల వ్యాపారంలో ప్రమాదమంతా అక్కడే ఉంది.

జనాదరణ లేని తోకల అసలు విలువ

ఒక పేరుకు విలువ ఎక్కడి నుండి వస్తుంది? దాన్ని వాడుకునేవాడు ఉన్నప్పుడు వస్తుంది. డాట్ కామ్ పేర్లు ఈనాడు 15 కోట్లకు పైగా ఉన్నాయి. ప్రజల నాలుకపై అది నిలిచిపోయింది. తక్కిన తోకలకు ఆ సౌలభ్యం లేదు. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

మొబైల్ ఫోన్ల కోసమంటూ డాట్ మొబి అనే తోక 2006లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది ఒక వేలంలో 'ఫ్లవర్స్' అనే పేరు ఆ తోకతో 2 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. తర్వాత ఫోన్లలోనే మామూలు పేజీలు చక్కగా కనబడసాగాయి. ఆ తోక అవసరమే తగ్గిపోయింది. కొన్నేళ్ల తర్వాత అదే పేరు పెట్టిన ధరలో అతి చిన్న భాగానికి చేతులు మారింది.

కొలంబియా దేశపు తోక డాట్ కో. 2010లో అమెరికాకు చెందిన ఓవర్‌స్టాక్ అనే పెద్ద వ్యాపార సంస్థ ఒకే అక్షరం గల 'ఓ డాట్ కో' అనే పేరును మూడున్నర లక్షల డాలర్లకు తీసుకుంది. ఎంతో ప్రచారం చేసింది. కాని జనం అలవాటు కొద్దీ చివర కామ్ అని టైపు చేసేవారు. 2011లోనే ఆ సంస్థ వెనక్కి తగ్గి పాత పేరునే ముందుకు తెచ్చింది. అంతటి ప్రచార శక్తి గల సంస్థకే అలా జరిగితే సామాన్యుల సంగతి చెప్పాలా?

పసిఫిక్ సముద్రంలోని టోకెలావ్ అనే చిన్న దీవుల తోక డాట్ టీకే. ఎన్నో ఏళ్లు అది ఉచితంగా దొరికింది. ఉచితం గనుక మోసగాళ్లు ఎగబడ్డారు. నిర్వాహకుడైన ఫ్రీనామ్ సంస్థ 2023 ఆరంభంలో కొత్త నమోదులు ఆపేసింది. అదే ఏడాది మెటా సంస్థ దానిపై దావా వేసింది. 2024 ఫిబ్రవరిలో ఫ్రీనామ్ ఈ వ్యాపారం నుండే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది.

యుగోస్లావియా అనే దేశం లేకుండా పోయాక దాని తోక డాట్ వైయూ 2010లో పూర్తిగా తొలగిపోయింది. ఆ తోకతో ఉన్న పేర్లన్నీ పనిచేయడం మానేశాయి.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. కరీబియన్ సముద్రంలో సుమారు 16 వేల జనాభా గల ఆంగ్విల్లా దీవి తోక డాట్ ఏఐ. కృత్రిమ మేధకు ఇంగ్లీషులో వాడే రెండక్షరాలు కూడా అవే కావడంతో దానికి హఠాత్తుగా గిరాకీ పెరిగింది. 2023లో ఆ దీవి ప్రభుత్వానికి ఈ తోక వల్ల సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు వచ్చాయి. ప్రభుత్వ ఆదాయంలో ఇది ఐదో వంతుకు మించింది.

వీడియోలలో చెప్పేవాళ్లు ఈ చివరి ఉదాహరణ ఒక్కటే చూపిస్తారు. మిగతావి చూపించరు. మన పిల్లలు ఆశపడేది అక్కడే. ఆంగ్విల్లాకు వచ్చిన ఆదాయం పేర్లు దాచిపెట్టుకున్న వాని లాభం కాదు, తోక యజమానికి వచ్చిన రుసుము. సంతలో పశువులు అమ్ముడైనా కాకపోయినా ఆశీలు వసూలు చేసేవానికి సొమ్ము వస్తుంది. అమ్ముకోవడానికి తోలుకొచ్చినవాడు మాత్రం సాయంత్రం వరకు ఎండలో నిలబడాలి.

కొత్త తోకలలో మరొక చిక్కు ఉంది. వాటి ధరకు పైపరిమితి లేదు. మొదటి ఏడాది వంద రూపాయలు, రెండో ఏడాది వేలు కావచ్చు. రిజిస్ట్రీ రుసుము పెంచదలిస్తే రిజిస్ట్రార్లకు ఆరు నెలలు ముందుగా తెలియజేయాలనే నియమం మాత్రం ఉంది. 2017లో ఒక రిజిస్ట్రీ తన తోకలలో కొన్నింటి ధరను ఎన్నో రెట్లు పెంచుతున్నట్లు ప్రకటించడంతో కలకలం రేగింది. కాబట్టి పేరు కొనేటప్పుడు చూడవలసింది మొదటి ఏడాది ధర కాదు, ఏటేటా కట్టవలసిన ధర.

పాటించవలసిన షరతులు

ఇప్పుడు ధర్మం విధించే హద్దులను వరుసగా తెలుసుకుందాం.

1. చేతిలో లేనిది అమ్మరాదు. హకీమ్ బిన్ హిజామ్ (రజి) అనే సహచరుడు తన దగ్గర లేని సరుకును బేరం కుదుర్చుకుని తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చునా అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) గారిని అడిగారు. ఆయన వద్దని వారించారు. కొందరు పేరు ఇంకా తమ ఖాతాలోకి రాకముందే బేరం ముగించి డబ్బు తీసుకుంటారు. గడువు తీరిపోయిన పేరు మళ్లీ తనకే దొరుకుతుందన్న ఆశతో ముందే అమ్మేస్తారు. ఇది సరికాదు. నమోదు మన పేరున ఉండాలి, గడువు మిగిలి ఉండాలి, బదిలీ చేసే శక్తి మన చేతిలో ఉండాలి.

2. లోపం దాచరాదు. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యం పైకి కనబడేలా ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని మందలించి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. డొమైన్ పేరులో తడి ఏది? రెండో ఏడాది రుసుము అధికమని చెప్పకపోవడం ఒక తడి. ఆ పేరును ఇంతకు ముందు మోసగాళ్లు వాడి చెడగొట్టారని తెలిసి చెప్పకపోవడం ఒక తడి. కొన్ని ఈమెయిల్ వ్యవస్థలు ఆ తోకను అనుమానంగా చూస్తాయని, జనం చివర కామ్ అని టైపు చేసే ప్రమాదముందని తెలిసీ దాచడం మరొక తడి. తెలుగు డాట్ భారత్ పేరు అమ్మేటప్పుడు కూడా, ఆ లిపితో ఉన్న ఈమెయిల్ చిరునామాను అన్ని సేవలూ ఇంకా అంగీకరించవని చెప్పితీరాలి.

3. దొంగ వేలం పాడరాదు. వేలం వేయడం ధర్మసమ్మతమే. దైవప్రవక్త (స) స్వయంగా ఒక పేద అన్సారీ సహచరుని వస్తువులు వేలం వేశారు. కాని కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి పాట పాడడాన్ని నిషేధించారు. దీనినే 'నజష్' అంటారు. నారాయణవలసలోనో మానాపురంలోనో పశువుల సంత చూసినవారికి బేరసారాల మర్మం తెలియనిది కాదు. అమ్మేవాని మనిషి కొనేవానిలా నటించి ధర పెంచితే ఎంత పాపమో, ఇంటర్నెట్ వేలంలో మారుపేరుతో మన పేరుకు మనమే పాట పెంచడమూ అంతే పాపం.

4. ఎదుటివాని అమాయకత్వాన్ని సొమ్ము చేసుకోరాదు. పల్లెల నుండి సరుకుతో వచ్చే బిడారును బజారుకు చేరకముందే దారిలో కలిసి, ధర తెలియని వారి నుండి కొనడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక బేరం రద్దు చేసుకునే హక్కు అతనికి ఉందని తెలిపారు. తెలియనివానికి తెలిసినవాడు చేసే అన్యాయాన్ని ధర్మం ఎంత నిశితంగా పట్టుకున్నదో చూడండి!

5. నిషిద్ధ పనులకు తోడ్పడరాదు. జూదం కోసం, అశ్లీలత కోసం ప్రత్యేకించిన తోకలు ఉన్నాయి. వాటి వ్యాపారం విశ్వాసికి తగదు. ఖాళీగా ఉంచిన పేరు మీద ప్రకటనలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి ఒకటుంది. ఏ ప్రకటన వస్తుందో మన చేతిలో ఉండదు గనుక జూదం, వడ్డీ అప్పుల ప్రకటనలు రావచ్చు. అందుచేత జాగ్రత్త అవసరం.

6. వడ్డీ అప్పుతో మొదలుపెట్టరాదు. ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియని వస్తువును వడ్డీ సొమ్ముతో కొనేవాడు రెండు నష్టాలు కొని తెచ్చుకుంటాడు. ఒకటి ఇహలోకంలో, ఒకటి పరలోకంలో.

ముందు వచ్చినంత మాత్రాన మనదవుతుందా?

ఇక చివరి ప్రశ్న. "నేను ముందుగా నమోదు చేశాను గదా!" అంటాడు యువకుడు.

నిజమే. ఎవరికీ చెందని దానిని ముందుగా అందుకున్నవానికి హక్కుంటుందని ఇస్లాం ధర్మం అంగీకరించింది. బీడు భూమిని సాగులోకి తెచ్చినవానికి అది దక్కుతుంది. కాని కేవలం రాళ్లు పాతి, కంచె వేసి, మూడేళ్లు ఊరకే వదిలేసిన వానికి దానిపై హక్కుండదని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు చెప్పినట్లు ధర్మవేత్తలు ఉల్లేఖించారు. కంచె వేయడం వేరు, సాగు చేయడం వేరు. పేర్ల వ్యాపారానికి ఈ పోలిక చక్కగా సరిపోతుంది.

మన తెలుగువారికి తెలిసిన ఒక ఉదాహరణతో దీనిని అర్థం చేసుకుందాం. సత్యం ఇన్ఫోవే అప్పట్లో హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా ఉండేది. 1999 నవంబరులో ఆ సంస్థ రాజేశ్ జైన్ నడుపుతున్న ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొనే ఒప్పందం కుదుర్చుకుంది. సమాచార్, ఖోజ్, ఖేల్, బావర్చీ వంటి మామూలు పదాల పేర్లు అందులో ఉన్నాయి. ఆ ధర కేవలం మాటలకు కాదు. ఆ పేర్ల మీద సంవత్సరాల తరబడి పనిచేసి, పాఠకులను సంపాదించినందుకు వచ్చిన ధర. అది సాగుచేసిన భూమి.

అదే సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలతో 'సిఫీ' అనే కొత్త పదాన్ని కల్పించుకుని 1999లో కొన్ని పేర్లు నమోదు చేసింది. తర్వాత మరొక సంస్థ ఒక్క అక్షరం తేడాతో 'సిఫ్ఫీనెట్' అని నమోదు చేసుకుంది. వివాదం బెంగళూరు సివిల్ కోర్టు నుండి కర్ణాటక హైకోర్టుకు, అక్కడి నుండి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది. ఇంటర్నెట్ పేరుకు కూడా వ్యాపార చిహ్నపు లక్షణాలన్నీ ఉంటాయని, ఇతరుల పేరుప్రతిష్ఠలను వాడుకుని జనాన్ని తికమకపెట్టడం కూడదని ఆ తీర్పు సారాంశం.

అంతర్జాతీయంగా కూడా 1999 నుండి ఐకాన్ వివాద పరిష్కార విధానం ఉంది. డాట్ ఇన్ పేర్లకు నిక్సీ వారి ప్రత్యేక విధానముంది. ఒకరి వ్యాపార చిహ్నమని తెలిసి, దానిని వారికే ఎక్కువ ధరకు అమ్మాలన్న ఉద్దేశంతో నమోదు చేయడం దురుద్దేశమేనని ఈ విధానాలు చెబుతాయి. అటువంటి పేరును పైసా ఇవ్వకుండానే అసలు యజమానికి ఇప్పించవచ్చు.

న్యాయస్థానం వరకు ఎందుకు? మన జిల్లాలలోనే చూడండి. బుడితి కంచు ఇత్తడి సామాను, బొబ్బిలి వీణ, పొందూరు ఖద్దరు, పలాస జీడిపప్పు. ఈ పేర్లకు విలువ తెచ్చింది ఎవరు? తరతరాలుగా లోహం కరిగించి పోత పోసినవారు, పనస కర్ర తొలిచినవారు, సన్నని నూలు వడికినవారు, జీడిగింజలు కాల్చి వేళ్లు నల్లబరచుకున్నవారు. ఒక రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని 120 రూపాయలు కట్టినవాడు కాదు. వారి పేరును వారికే అమ్మజూపడం వ్యాపారమా? దారి మధ్యలో తాడు కట్టి సుంకం అడగడమా?

అయితే 'తాజా రొట్టె', 'చల్లని నీడ' వంటి సాధారణ పదాలు ఎవరి సొత్తూ కావు. వాటిని ముందుగా తీసుకుని, లోపాలు దాచక, తగిన ధరకు అమ్మితే దోషం లేదు. ఈ రెండింటి మధ్య తేడాను యువకులు గట్టిగా గుర్తుంచుకోవాలి.

మేమిచ్చిన సలహా

ఆ యువకుణ్ణి మేము ఒకటే అడిగాము: "బాబూ! ఆ దుకాణం పేరు నీకు ఎలా తట్టింది?"

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు సెలవుల్లో అక్కడే కూర్చుని సంచుల మీద ఆ పేరు అచ్చు వేసేవాణ్ణి హజ్రత్" అన్నాడు.

జవాబు అతని నోటి నుండే వచ్చింది. ఆ పేరు మేనమామది. అడగకుండా తీసుకున్నది గనుక అడగకుండానే తిరిగి అప్పగించాలి. పెట్టిన 120 రూపాయలు మామూ సంతోషంగా ఇస్తే తీసుకోవచ్చు. పైగా, ఆ తోకకు రెండో ఏడాది 2,400 అవుతుందనీ, అది అవసరమో కాదో చూసుకోమనీ, చౌకగా డాట్ ఇన్ దొరికితే అదే మేలనీ చెప్పాలి. తెలిసినవాడు తెలియనివానికి చేయవలసిన మేలు అదే.

మిగిలిన పేర్లను కాగితం మీద రాయించాము. ప్రతి పేరుకు ఎదురుగా మూడు ప్రశ్నలు పెట్టాము. ఇది మరొకరి పేరా? దీనిని వాడుకోగల మనిషి నిజంగా ఎవరైనా ఉన్నారా? ఏటేటా రుసుము కట్టే స్తోమత నీకుందా? ఇతరుల వ్యాపార పేర్లు పదకొండు తేలాయి. మరో నలభై నాలుగింటికి కొనేవాడెవరో అతనికే తెలియదు. వాటన్నింటినీ గడువు తీరగానే వదిలేయమన్నాము. మేనమామది పోగా చివరకు మిగిలినవి నాలుగే. "మరి నా 7,200?" అన్నాడు. అది పోయిన సొమ్మే. పోయిన ఏడు వేల కోసం లక్షా నలభై వేలు పోగొట్టుకోవడం వివేకం కాదు. మేనమామను మోసగించి పూడ్చుకోవడం విశ్వాసం కాదు. స్నేహితుని అప్పు మాత్రం నెలకు వెయ్యి చొప్పున తీర్చమన్నాము. అప్పు ఇచ్చినవాని హక్కు మన నష్టంతో రద్దు కాదు.

కొన్ని వారాల తర్వాత అతను మళ్లీ కలిశాడు. పేరు అప్పగించడానికి వెళ్లినప్పుడు మామూ కోపగించుకోలేదట. దుకాణానికి ఒక పేజీ తయారుచేసి, ఆర్డర్లు చూసిపెట్టమన్నాడట. నెలకు కొంత జీతం కూడా కుదిరిందట. 15 వేలకు అమ్మి ఉంటే బంధుత్వమూ పోయేది, ఈ పనీ పోయేది. అల్‌హమ్దులిల్లాహ్!

వేలం సంగతి చెప్పిన ఉల్లేఖనంలోనే ఒక పాఠం ఉంది. ఆ పేద సహచరుని వస్తువులు రెండు దిర్హములకు అమ్ముడుపోయాయి. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, రెండో దానితో గొడ్డలి కొనమని దైవప్రవక్త (స) ఆదేశించారు. కట్టెలు కొట్టి అమ్ముకోమన్నారు. కొద్ది రోజులలోనే అతను తన కాళ్లమీద తాను నిలబడ్డాడు. ఇంటర్నెట్ పేరు కూడా ఒక గొడ్డలి వంటిదే. దానితో పనిచేస్తే అన్నం పెడుతుంది. అటక మీద దాచి ధర పెరుగుతుందని ఎదురుచూస్తే తుప్పు పడుతుంది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

- డొమైన్ పేరు గడువు గల హక్కు. గడువులోపల, షరతులకు లోబడి బదిలీ చేసి సొమ్ము తీసుకోవడం ధర్మసమ్మతమే.
- పేరు మన ఖాతాలో ఉన్నాకే అమ్మాలి.
- రెండో ఏడాది నుండి కట్టవలసిన రుసుము, తోకకున్న లోపాలు కొనేవానికి ముందే చెప్పాలి.
- దొంగ పాట, ఇతరుల పేరు కాజేయడం, జూదానికి తోడ్పడడం నిషిద్ధం.
- వడ్డీ అప్పుతో, వీడియోల ఆశతో ఈ వ్యాపారంలోకి దిగవద్దు.
- అమ్ముడు కాని పేరును వదిలేయడం నష్టం కాదు, నష్టాన్ని ఆపడం.

పేరును బేరం పెట్టేటప్పుడు మన పేరు దైవదూతల చిట్టాలో ఎలా రాయబడుతున్నదో ఒక్కసారి ఆలోచిద్దాం. అల్లాహ్ మన యువకులకు ధర్మసమ్మతమైన ఉపాధిని, అందులో బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.